బ్యాడ్జి మీద "స్పెషలిస్ట్" అని పడ్డాక: ప్రసంగ పాఠం

(ఆడియో వినడానికి తీరిక లేనివాళ్ల కోసం ఈ ఎపిసోడ్ పాఠం ఇస్తున్నాం. మాట్లాడినవారు ఇంగ్లండ్‌లో ఒక ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రి కీమోథెరపీ డే యూనిట్‌లో స్పెషలిస్ట్ నర్స్. ఇక్కడ పనిచేస్తున్న తెలుగు నర్సుల ఆన్‌లైన్ సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. మాట తీరు మార్చలేదు, మళ్లీ మళ్లీ వచ్చిన వాక్యాలు మాత్రం తీసేశాం.)

నైట్ డ్యూటీ దిగి నిద్ర మానుకుని మరీ కూర్చున్నవాళ్లు కొందరున్నారని చాట్‌లో చూశాను. మీరు కెమెరా ఆపేసుకోండి, పడుకుని వినండి, నేనేం అనుకోను.

నన్ను మాట్లాడమన్నది స్పెషలిస్ట్ నర్స్ ఉద్యోగం గురించి. బ్యాండ్ 5లో మూడు నాలుగేళ్లు చేశాక మనవాళ్లు చాలామంది బ్యాండ్ 6కో 7కో అప్లై చేస్తున్నారు. కీమో, డయాలిసిస్, డయాబెటిస్, స్టోమా, హార్ట్ ఫెయిల్యూర్, ఇలా. ఇంటర్వ్యూ ఎలా పాసవ్వాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి. ఆ ఉద్యోగం వచ్చిన మర్నాటి నుంచి చట్టం మనల్ని ఎలా చూస్తుందో చెప్పేవాళ్లు తక్కువ. నేను లాయర్ని కాదు. ఇక్కడ పనిచేస్తూ, చదువుతూ, యూనియన్ వాళ్లని అడుగుతూ తెలుసుకున్నదే చెబుతాను. ఇంగ్లండ్ సంగతే చెబుతున్నాను, స్కాట్లండ్‌లో కొన్ని పద్ధతులు వేరు.

ముందు ఆ పేరు సంగతి. "స్పెషలిస్ట్ నర్స్" అన్న పేరుకి ఇక్కడ చట్టరక్షణ లేదు. "రిజిస్టర్డ్ నర్స్" అన్న మాటకి ఉంది. ఎన్‌ఎమ్‌సి రిజిస్టర్‌లో లేనివాళ్లు ఆ మాట వాడుకుంటే నేరం. కానీ స్పెషలిస్ట్ అన్నది మీ ఆసుపత్రి మీకిచ్చిన పేరు. ఒక ట్రస్ట్‌లో ఆ పేరున్న మనిషి ప్రిస్క్రిప్షన్లు రాస్తుంది. పక్క ట్రస్ట్‌లో అదే పేరుతో అపాయింట్‌మెంట్లు చూసుకుంటుంది. కాబట్టి నిజంగా మీ పని ఏమిటో చెప్పేవి రెండే కాగితాలు: మీ జాబ్ డిస్క్రిప్షన్, మీకు సంతకాలు పెట్టిచ్చిన కాంపిటెన్సీ పుస్తకం. ఆ రెండూ చదవకుండా ఉద్యోగంలో చేరకండి. జాబ్ డిస్క్రిప్షన్ ఇంటర్వ్యూకి ముందు ఒకసారి చూసి వదిలేసేవాళ్లే ఎక్కువ.

పేరుకి రక్షణ లేకపోయినా, బరువు మాత్రం ఉంది. ఇక్కడి కోర్టుల్లో నిర్లక్ష్యాన్ని కొలిచే కొలబద్ద 1957 నాటి బోలం కేసులోంచి వచ్చింది. ప్రత్యేక నైపుణ్యం ఉందని చెప్పుకుని పని చేసే మనిషిని, ఆ నైపుణ్యం ఉన్న మామూలు మనిషితో పోల్చి చూస్తారు. రోడ్డు మీద వెళ్లే మనిషితో పోల్చరు. అంటే కీమో స్పెషలిస్ట్ అని బ్యాడ్జి పెట్టుకున్నాక, జనరల్ వార్డ్ నర్స్‌కి ఇది తెలియకపోయినా పర్లేదు కదా అన్న వాదన మనకి పనికిరాదు.

మరి కొత్తగా చేరినవాళ్ల సంగతేంటి అంటారు. 1986లో అప్పీల్ కోర్టు విల్‌షర్ కేసులో దీని మీదే తీర్పు చెప్పింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి ఆక్సిజన్ కొలవడానికి పెట్టాల్సిన గొట్టాన్ని ఒక జూనియర్ డాక్టరు ధమనిలో పెట్టబోయి సిరలో పెట్టారు. లెక్క తప్పు వచ్చింది, బిడ్డకి ఆక్సిజన్ ఎక్కువ పడింది. కోర్టు అన్నదేంటంటే, కొలబద్ద మనిషి అనుభవాన్ని బట్టి కాదు, ఆ మనిషి కూర్చున్న పోస్టుని బట్టి. నేను కొత్త అన్నది సాకు కాదు. కానీ అదే తీర్పులో ఇంకో ముక్క కూడా ఉంది, మనకి కావలసింది అదే. ఆ జూనియర్ తన సీనియర్ని పిలిచి చూడమన్నారు. అందుకని ఆ జూనియర్ తన బాధ్యత నెరవేర్చినట్టే అని కోర్టు తేల్చింది. సరిగా చూడని సీనియర్ దగ్గరే తప్పు ఆగింది.

"నాకిది రాదు, వచ్చి చూడండి" అనడాన్ని మనం చిన్నతనం అనుకుంటాం. చట్టం దృష్టిలో అదే మీ డ్యూటీ.

ఇప్పుడు మన గురించి ఒక మాట. మనం చదువుకున్న చోట డాక్టరుగారు రౌండ్‌కి వస్తుంటే లేచి నిలబడతాం. కేస్ షీట్ చేతికిచ్చి ఒకడుగు వెనక్కి వేస్తాం. "అలాగే సార్" అన్నది మన నోట్లో ఊపిరంత సహజంగా వస్తుంది. ఇక్కడికొచ్చాక కన్సల్టెంట్‌ని పేరు పెట్టి పిలవమంటారు. పేరు పెట్టి పిలవడం రెండు నెలల్లో అలవాటైపోతుంది. పేరు పెట్టి పిలుస్తూ "ఇది ఇవ్వను" అనడం మాత్రం ఏళ్లు పడుతుంది. నా చుట్టూ చూసినంతలో మన తెలుగు నర్సులకి పనిలో వచ్చే ఇబ్బందుల్లో సగం ఇక్కడే మొదలవుతాయి.

కీమోలో ఉన్నవాళ్లకి విన్‌క్రిస్టిన్ కథ తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. అది సిరలోకి మాత్రమే ఇవ్వాల్సిన మందు. వెన్నులోకి వెళితే దాదాపు ఎప్పుడూ ప్రాణమే పోతుంది. 2001 జనవరిలో నాటింగ్‌హామ్‌లో ల్యుకేమియా తగ్గుముఖం పట్టిన 18 ఏళ్ల కుర్రాడికి దాన్ని వెన్నులోకి ఇచ్చేశారు. నాలుగు వారాలకి చనిపోయాడు. విచారణ నివేదిక చదివితే మనసు కలుక్కుమనే సంగతి ఒకటుంది. సిరంజి అందుకున్న జూనియర్ డాక్టరుకి అనుమానం వచ్చింది, అడిగారు కూడా. సీనియర్ అవునన్నారు. ఇచ్చేశారు. తర్వాత 2003లో ఆ సీనియర్ కోర్టులో నేరం ఒప్పుకున్నారు, జైలు శిక్ష పడింది.

విల్‌షర్ కేసులో అడిగితే సరిపోయింది కదా, ఇక్కడ అడిగినా సరిపోలేదేం అని మీరడగొచ్చు. నా జవాబు ఇది: అనుమానం తీరకుండా చెయ్యి ఆగకపోతే అడిగీ లాభం లేదు. మందు పేరు, దారి, ప్రోటోకాల్, ఈ మూడూ కాగితం మీద కలిసేదాకా సిరంజి ట్రేలోనే ఉండాలి. ఆ తర్వాత దేశమంతా పద్ధతులు మార్చారు. వెన్నులోకి మందు ఇచ్చేవాళ్ల పేర్లకి వేరే రిజిస్టర్ పెట్టారు. 2008 నుంచి పెద్దవాళ్లకి విన్‌క్రిస్టిన్ సిరంజిలో రాదు, చిన్న సంచిలో వస్తుంది, 50 ఎంఎల్‌లో కలిపి. సంచి చూస్తే ఎవరికీ వెన్నులోకి ఎక్కించాలనిపించదు. మనిషి ధైర్యం మీదే ఆధారపడకుండా వస్తువునే మార్చేయడం నాకు చాలా నచ్చిన సంగతి. కానీ అన్ని మందులకీ అలాంటి సంచి ఉండదు. కొన్నిచోట్ల ఆ సంచి మనమే.

నాకు తెలిసిన ఒక అమ్మాయి వార్డు నుంచి కీమో యూనిట్‌కి మారింది. ఏ యూనిట్టో చెప్పను. మూడో వారంలో ఇద్దరు నర్సులు సిక్ పెట్టారు. ఇన్‌చార్జి వచ్చి, ఆ ఎపిరూబిసిన్ నువ్వు ఇచ్చెయ్యి అంది. ఎపిరూబిసిన్ సిర దాటి బయటికి కారితే కండ చచ్చిపోతుంది, కొందరికి స్కిన్ గ్రాఫ్ట్ దాకా వెళ్తుంది. ఈ అమ్మాయికి ఆ కాంపిటెన్సీ మీద ఇంకా సంతకం పడలేదు. తను ఏమందంటే, "ఐ యామ్ నాట్ సైన్డ్ ఆఫ్ ఫర్ దిస్ యెట్. కాన్యులా పెడతాను, అబ్జర్వేషన్లు చూస్తాను, మిగతా ఇద్దరు పేషెంట్లని నేను చూసుకుంటాను. ఇది ఎవరిస్తారో చెప్పండి." ఇన్‌చార్జి మొహం మాడ్చుకుంది. రెండు గంటలు ఆలస్యమైంది, ఆ పేషెంట్‌కి మరో నర్స్ వచ్చి ఇచ్చింది. సాయంత్రం ఈ అమ్మాయి మూడు లైన్ల ఈమెయిల్ పెట్టింది: ఏం అడిగారు, నేనేం అన్నాను, ఎవరిచ్చారు. అందులో ఫిర్యాదు ఏమీ లేదు. నెల తిరక్కుండా ఆమె ట్రెయినింగ్ పూర్తి చేయించారు.

ఆ వాక్యం కట్టు గమనించండి. ఒట్టి "చెయ్యను" కాదు. ఏది చేయలేనో, ఎందుకు చేయలేనో, బదులుగా ఏం చేయగలనో మూడూ ఉన్నాయి. ఎన్‌ఎమ్‌సి కోడ్‌లో 13వ అంశం సరిగ్గా ఇదే అడుగుతుంది, మీ సామర్థ్యం హద్దుల్లో పనిచేయమని. కాబట్టి మీరు మొండికేసినట్టు కాదు, కోడ్ పాటించినట్టు.

ప్రిస్క్రైబింగ్ గురించి రెండు ముక్కలు. 2006 మే నుంచి ఇక్కడ ఇండిపెండెంట్ ప్రిస్క్రైబర్ నర్సులు తమ పరిధిలోని జబ్బులకి దాదాపు ఏ మందైనా రాయొచ్చు. వి300 కోర్సు పూర్తయ్యాక సంతకం మీదే, జవాబుదారీ మీదే, డాక్టరు చెప్పారు కాబట్టి రాశాను అన్నది ఉండదు. ఇంకొకటి, కోర్సు పాసైన వారంలోనే మన బంధువర్గానికి తెలిసిపోతుంది. "బావగారికి గొంతు నొప్పిగా ఉందట, ఓ యాంటిబయాటిక్ రాసిపెట్టమ్మా" అని ఫోన్ వస్తుంది. పెళ్లిళ్ల సీజన్‌లో మరీను. రాయకండి. అయినవాళ్లకి రాయొద్దని కోడ్‌లోనే ఉంది. నా మీద పెట్టండి, ఆవిడ వద్దందని చెప్పండి.

స్పెషలిస్ట్ నర్స్ పనిలో చాలామంది తేలిగ్గా తీసుకునేది ఫోను. కీమో పేషెంట్లకి 24 గంటల హెల్ప్‌లైన్ ఉంటుంది. అక్కడ మనం చెప్పే సలహా కూడా వైద్యమే. ఫోన్లో చెప్పాం కదా అని బాధ్యత తగ్గదు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల ట్రయాజ్ షీట్ ఉంటుంది, ప్రతి ప్రశ్నా అడగాలి, జవాబు రాయాలి, టైము వేయాలి. జ్వరంతో తెల్లకణాలు పడిపోయిన మనిషికి ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటిబయాటిక్ పడాలి. మనవాళ్లు ఫోన్ చేస్తే ఎలా చెబుతారో మీకు తెలుసు. "ఏం లేదమ్మా, కాస్త నలతగా ఉంది. నిన్నటి నుంచి ఒళ్లు వెచ్చగా ఉన్నట్టుంది. మీకెందుకులే శ్రమ." పెద్దవాళ్లు నలత అన్నారంటే థర్మామీటర్ పెట్టించి ఆ అంకె చెప్పేదాకా ఫోన్ పెట్టనివ్వకండి. పారాసెటమాల్ వేసుకున్నారా అని అడగండి, ఎందుకంటే అది వేసుకుంటే జ్వరం దాక్కుంటుంది. ఇంగ్లిష్ నర్స్‌కి "నలత" వినపడదు. మీకు వినపడుతుంది.

తెలుగు పేషెంట్ మీ యూనిట్‌కి వచ్చినప్పుడు ఇంకో చిక్కు ఎదురవుతుంది. కొడుకో అల్లుడో కారిడార్‌లో పక్కకి తీసుకెళ్లి, "అక్కా, అమ్మకి క్యాన్సర్ అని చెప్పొద్దు, గడ్డ అని చెప్పాం, తట్టుకోలేదు" అంటారు. వాళ్ల ప్రేమని నేను తప్పు పట్టను. మా ఇంట్లో అయినా అలాగే అంటారు. కానీ 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం ప్రకారం పెద్దవయసు మనిషికి నిర్ణయం తీసుకునే శక్తి ఉందనే మొదలుపెట్టాలి. ఇంగ్లిష్ రాకపోవడం శక్తి లేకపోవడం కాదు. 2015లో సుప్రీం కోర్టు మాంట్‌గోమరీ తీర్పులో, ఆ పేషెంట్ స్థానంలో ఉన్న మనిషికి ముఖ్యమనిపించే ప్రమాదాలు చెప్పాలంది. డాక్టర్లకి ఏది చెప్పాలనిపిస్తుందన్నది కొలత కాదంది. ఏం వైద్యమో తెలియని మనిషి పెట్టిన సంతకం సంతకం కాదు.

నేను చేసేది చెబుతాను. కొడుకుతో "నేను చెప్పకపోయినా ఆమె అడిగితే అబద్ధం చెప్పలేను బాబూ" అని మెల్లగా అంటాను. తర్వాత ఆమెనే అడుగుతాను, "మీ జబ్బు గురించి మీకు ఎంతవరకు చెప్పమంటారమ్మా?" అని. కొందరు, "నాకేం వద్దు, మా అబ్బాయితో మాట్లాడండి" అంటారు. అది ఆమె నిర్ణయం, అలా అన్నదని నోట్స్‌లో రాస్తాను. వైద్యానికి ఒప్పుకోవడానికి తప్పనిసరిగా తెలియాల్సినవి అప్పుడు కూడా చెప్పాల్సిందే. ఎక్కువమంది మాత్రం, "నాకు తెలుసమ్మా, వాళ్లే చెప్పట్లేదు" అంటారు. ఇంకో జాగ్రత్త, వేరే టీమ్ వాళ్లు మీకు తెలుగొచ్చని చెప్పి కన్సెంట్‌కి అనువాదం చేయమంటారు. ఆసుపత్రి ఇంటర్‌ప్రెటర్‌ని పిలిపించమనండి. మీరు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోండి, తప్పులేదు. అలాగే తెలుగు సంఘంలో తెలిసినవాళ్లెవరో అడ్మిట్ అయ్యారని వాళ్ల రికార్డ్ తెరిచి చూడకండి. కంప్యూటర్‌లో ఎవరు తెరిచారో పడిపోతుంది, ఉద్యోగం పోతుంది.

ఇక మన భద్రత. 1974 నాటి హెల్త్ అండ్ సేఫ్టీ చట్టం యజమాని మీద బాధ్యత పెడుతుంది, మన మీదా పెడుతుంది. గ్లవ్స్, గౌన్, స్పిల్ కిట్, ట్రెయినింగ్ ఇవ్వడం వాళ్ల వంతు. ఇచ్చినవి వాడటం, లోపం కనిపిస్తే చెప్పడం మన వంతు. కీమో మందులు కోష్ నిబంధనల కిందికి వస్తాయి. చర్మం మీద పడినా, ఆవిరి పీల్చినా లోపలికి వెళ్తాయి. పేషెంట్ మూత్రంలో, వాంతిలో సాధారణంగా రెండు రోజుల దాకా, కొన్ని మందులకి అంతకంటే ఎక్కువే ఉంటాయి. హెల్త్‌కేర్ అసిస్టెంట్‌కి ఇది చెప్పే బాధ్యత స్పెషలిస్ట్‌ది. బెడ్‌పాన్ తీసేది తనే కదా.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఆడపిల్లలు శ్రద్ధగా వినండి. మన ఇళ్లల్లో మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదంటారు. దిష్టి తగులుతుందని అమ్మ అంటుంది, అత్తగారు అంటుంది. కీమో యూనిట్‌లో ఆ మూడు నెలలే బిడ్డ అవయవాలు ఏర్పడే కాలం. 1999 నాటి నిబంధనల ప్రకారం మీరు గర్భవతి అని రాతపూర్వకంగా తెలియజేశాకే మీ కోసం ప్రత్యేకంగా మార్పులు చేసే బాధ్యత యజమాని మీద పడుతుంది. నోటి మాటగా ఫ్రెండ్‌కి చెబితే లెక్కలోకి రాదు. ఊళ్లో ఎవరికీ చెప్పకండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, సరే. మేనేజర్‌కి మాత్రం తెలిసిన రోజే ఈమెయిల్ పెట్టండి. రహస్యంగా ఉంచమని అందులోనే రాయండి. మందులకి దూరంగా ఫోన్ ట్రయాజ్‌కో, క్లినిక్‌కో మారుస్తారు. అలా మార్చే చోటు లేకపోతే జీతంతో ఇంట్లో ఉంచాల్సింది వాళ్లే. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నప్పుడే ఆక్యుపేషనల్ హెల్త్‌తో మాట్లాడితే ఇంకా మంచిది. జీతం తగ్గిస్తారేమోనని, షిఫ్టులు పోతాయేమోనని దాచుకున్నవాళ్లని చూశాను. అందుకే ఇంత చెబుతున్నాను.

సూది గుచ్చుకుంటే పారే నీళ్ల కింద రక్తం కారనివ్వండి, సబ్బుతో కడగండి, నోటితో పీల్చకండి. షిఫ్ట్ అయ్యాక చూద్దాం అనుకోకుండా అప్పుడే చెప్పండి. హెచ్‌ఐవి నివారణ మందు అవసరమైతే గంటల్లో మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ఇవ్వరు. 2013 నుంచి ఆసుపత్రులు వీలైన చోటల్లా సేఫ్టీ సూదులే వాడాలి, క్యాప్ తిరిగి పెట్టకూడదు. మనం చదువుకున్నచోట క్యాప్ పెట్టడం చేతికి అలవాటైపోయింది, అది మానాలి. ఎవరైనా కొట్టినా, తోసినా అది ఉద్యోగంలో భాగం కాదు. 2018 నాటి చట్టం ఎన్‌హెచ్‌ఎస్ సిబ్బంది మీద దాడిని వేరే నేరంగా పెట్టింది.

ఏదైనా తప్పు జరిగితే పేషెంట్‌కి చెప్పాలి. దీన్ని డ్యూటీ ఆఫ్ క్యాండర్ అంటారు. 2014 నుంచి అది ఆసుపత్రికి చట్టం, మనకి కోడ్‌లో ఎప్పటినుంచో ఉన్నదే. సారీ చెబితే తప్పు ఒప్పుకున్నట్టేమో అని భయపడతారు. ఇంగ్లండ్‌లో 2006 నాటి కాంపెన్సేషన్ చట్టం, క్షమాపణ చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యం ఒప్పుకున్నట్టు కాదని తేల్చేసింది. కాబట్టి చెప్పండి.

చివరిగా అందరూ చాట్‌లో అడుగుతున్న ప్రశ్న. "ఇవన్నీ రాసి పెడితే స్పాన్సర్‌షిప్ పోతుందా?" సూటిగా చెబుతాను. భద్రత గురించి నోరు విప్పినవాళ్లని వేధించడం 1998 నాటి చట్టం కింద తప్పు. వీసా మీద ఉన్నవాళ్లకీ అది వర్తిస్తుంది. కానీ చట్టం ఉన్నంత మాత్రాన భయం పోదు. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, పిల్లల స్కూలు, ఇంటి అద్దె, ఊళ్లో అప్పు, అన్నీ ఆ 60 రోజుల్లోనే తిరుగుతాయి. ధైర్యంగా ఉండండి అని నేను ఊరికే అనలేను.

అందుకే వరుస ముఖ్యం. మొదట మేనేజర్‌కి ఈమెయిల్, వాట్సాప్ కాదు. మనుషుల మీద కాకుండా జరిగిన దాని మీద రాయండి. జరిగిన ప్రతిదానికీ డేటిక్స్ వేయండి. మనవాళ్లు డేటిక్స్ అంటే ఎవరి మీదో చాడీ అనుకుంటారు, కాదు. కదలిక లేకపోతే ప్రతి ట్రస్ట్‌లోనూ ఫ్రీడమ్ టు స్పీక్ అప్ గార్డియన్ ఉంటారు, వాళ్ల దగ్గరికి వెళ్లండి. యూనియన్‌లో మాత్రం ఈ రోజే చేరండి. గొడవ మొదలయ్యాక చేరితే ఆ పాత గొడవకి సాధారణంగా సాయం చేయరు. నెలకి ఒక బిర్యానీ ఖర్చు అనుకోండి. మీరు రాసిన ఈమెయిళ్ల తేదీలు, డేటిక్స్ నంబర్లు ఒక డైరీలో రాసుకోండి. పేషెంట్ల పేర్లు, హాస్పిటల్ నంబర్లు మాత్రం ఆ డైరీలో ఉండకూడదు, ఫోన్లో ఫోటోలు అసలే వద్దు. న్యాయం మీ వైపున్నా ఆ ఒక్క ఫోటోతో కేసు మీ మీదికి తిరుగుతుంది.

చాట్‌లో డయాలిసిస్ నుంచి ఒక చెల్లెలు ఏజెన్సీ షిఫ్టుల్లో ఇండెమ్నిటీ గురించి అడిగింది. 2014 నుంచి ప్రతి రిజిస్టర్డ్ నర్స్‌కీ ఇండెమ్నిటీ కవర్ ఉండాలి. ట్రస్ట్ ఉద్యోగంలో ఉన్నంతసేపూ ట్రస్ట్‌దే సరిపోతుంది. ఏజెన్సీలోనో, ప్రైవేట్ క్లినిక్‌లోనో చేస్తే ఎవరి కవర్ కింద చేస్తున్నారో షిఫ్ట్ ఒప్పుకోకముందే రాతలో అడగాలి. తను చేసేది మూడు చోట్ల అట. మూడు చోట్లా అడగమ్మా. మిగతా ప్రశ్నలు ఒక్కొక్కటిగా తీసుకుందాం, మైకు ఆన్ చేసుకోండి.